నెలాఖరు బిల్లుల్లో మనుషులు: ఉద్యోగుల ప్రవర్తన మీద ప్రాజెక్టు ఎలా చేయాలి

ప్రాజెక్టుల సీజన్ రాగానే ఎం.బి.ఎ., ఎం.కాం. పిల్లల నుంచి నాకొచ్చే ఫోన్లన్నీ ఒకేలా మొదలవుతాయి. "సార్, క్వశ్చనేర్ రెడీ అయిపోయింది, ఒకసారి చూస్తారా?" ఏం తెలుసుకుందామని తయారుచేశావమ్మా అని అడిగితే కాసేపు చప్పుడుండదు. తర్వాత నెమ్మదిగా, "ఎంప్లాయీ సాటిస్‌ఫాక్షన్ సార్" అంటారు. స్థలం చూడకుండానే కిటికీలు, తలుపులు కొనేసిన వాళ్ళని చూసినట్టు ఉంటుంది నాకు.

ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. మేనేజ్‌మెంటూ అకౌంట్సూ కలిసేచోట ఒక చిన్న ప్రాజెక్టు ఎత్తుకుని వైవా దాకా ఎలా లాక్కురావాలో చెబుతాను. మీ చేతిలో ఎనిమిది వారాలున్నాయనీ, దగ్గర్లో ఒక కంపెనీలో తెలిసినవాళ్ళు ఉన్నారనీ అనుకుందాం. నా పట్టు ఒక్కటే: ఉద్యోగుల గురించి ఉద్యోగుల్ని అడిగి ఊరుకోకండి. వాళ్ళు చేసిన పని అకౌంట్స్ పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట జాడ వదులుతుంది, అదీ చూడండి. "నెలాఖరు టెన్షన్ ఏమీ లేదండీ" అని ఫారంలో టిక్కు పెట్టిన మనిషి బిల్లులు సగం 27వ తేదీ తర్వాతే పడి ఉండొచ్చు.

మొదటి పని: ఒక్క ప్రవర్తన ఎంచుకోండి

"ఉద్యోగుల తృప్తి", "ప్రేరణ", "నిబద్ధత" ఇవన్నీ పెద్ద గోనెసంచులు, ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకోవచ్చు. మీరు కంటితో చూడగలిగే ఒక పనిని పట్టుకోండి. ఆలస్యంగా రావడం. సెలవు చెప్పకుండా మానేయడం. ప్రయాణ ఖర్చుల బిల్లు పెంచి పెట్టడం. టార్గెట్ చేరడానికి నెలాఖరులో సరుకు షాపులవాళ్ళ నెత్తిన వేయడం.

ఈ చివరిదాన్నే మనం ఉదాహరణగా నడుపుదాం. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి లాంటివి అమ్మే కంపెనీల్లో ఇది అందరికీ తెలిసిన వ్యవహారం. సేల్స్‌మన్‌కి నెల టార్గెట్ ఉంటుంది, దాటితే ఇన్సెంటివ్ ఉంటుంది. 28వ తేదీకి ఇంకా తక్కువ పడితే తెలిసిన షాపాయన దగ్గరికి వెళ్ళి, "అన్నా, ఓ పది కేసులు దించుకో, వచ్చే నెల చూసుకుందాం" అంటాడు. బిల్లు ఈ నెల లెక్కలో పడుతుంది. సరుకులో కొంత వచ్చే నెల మొదటివారంలో వెనక్కి వస్తుంది.

చిన్న విషయమే కదా అనిపిస్తే అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు కథ గుర్తుచేసుకోండి. ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది ప్రాడక్టులు అమ్మాలన్న ఒత్తిడిలో అక్కడి సిబ్బంది కస్టమర్లకి తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచేశారు. 2016 సెప్టెంబరులో బయటపడిన లెక్క ప్రకారం సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి, బ్యాంకుకి 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అనుమానపు ఖాతాలు మొదట 20 లక్షలన్నారు, మరుసటి ఏడాది ఆ అంచనా 35 లక్షలకి పెరిగింది. అదే బ్యాంకులో అప్పట్లో సర్వే పెట్టి "మీ బ్రాంచిలో నియమాలు పాటిస్తారా" అని అడిగి ఉంటే ఎంతమంది లేదని రాసేవాళ్ళంటారు?

ఇప్పుడు మీ ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి. "టార్గెట్ ఒత్తిడి ఎక్కువగా ఉందనే సేల్స్‌మన్ల అమ్మకాలు నెలాఖరులో ఎక్కువగా పోగుపడుతున్నాయా?" అంతే. ఈ వాక్యాన్ని కామర్సు చదవని మీ అమ్మగారికి చెప్పి చూడండి. ఆవిడకి అర్థమైతే ముందుకి పదండి.

రెండో పని: ముందు ఎవరు చూశారో చదవండి, కానీ దేనికో తెలిసి చదవండి

సాహిత్య సమీక్ష అనగానే పిల్లలు ముప్పై పేపర్ల సారాంశాలు ఒకదాని కింద ఒకటి అతికిస్తారు. దానివల్ల మీకూ లాభం లేదు, చదివే ఎగ్జామినర్‌కీ లేదు. వాళ్ళలో వాళ్ళకి ఎక్కడ తేడా వచ్చిందో వెతకండి. మన విషయంలో ఆ తేడా చక్కగా దొరుకుతుంది.

క్రిస్ ఆర్గిరిస్ అనే పరిశోధకుడు 1950ల మొదట్లో అమెరికా ఫ్యాక్టరీలలో తిరిగి, బడ్జెట్‌ని కర్రలా వాడితే కింది సూపర్వైజర్లకీ అకౌంట్స్ వాళ్ళకీ మధ్య గోడ లేస్తుందని చూపించాడు. ఒకరి తప్పు దొరికితేనే ఇంకొకరికి పేరు. తర్వాత 1972లో ఆంథనీ హాప్‌వుడ్ షికాగోలోని ఒక పెద్ద కంపెనీలో కాస్ట్ సెంటర్లు, అంటే ఖర్చు లెక్క విడిగా కట్టే విభాగాలు, చూశాడు. పై అధికారి బడ్జెట్ అంకె ఒక్కటే పట్టుకుని మనిషిని అంచనా కడితే కిందివాళ్ళలో టెన్షన్ పెరుగుతుందనీ, లెక్కలు అటూఇటూ జరపడం ఎక్కువవుతుందనీ తేల్చాడు. సరే, తేలిపోయిందనుకునే లోపల 1978లో డేవిడ్ ఆట్లీ బ్రిటన్ బొగ్గు గనుల్లో అదే ప్రశ్న వేస్తే హాప్‌వుడ్ చెప్పింది అక్కడ కనపడలేదు! హాప్‌వుడ్ చూసిన విభాగాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడేవి. ఆట్లీ చూసిన గనుల మేనేజర్లు ఎవరి గని వాళ్ళు చూసుకునేవాళ్ళు. తేడా అందుకే వచ్చిందని చాలామంది అంటారు.

మీ ప్రాజెక్టుకి చోటు సరిగ్గా ఇక్కడ ఉంది. మన సేల్స్‌మన్ ఎవరి లైన్ (తనకిచ్చిన షాపుల దారి) వాడు తిరుగుతాడు, అంటే గని మేనేజర్‌కి దగ్గర. కానీ అతని సరుకు గోడౌన్ మీదా, డెలివరీ ఆటో మీదా ఆధారపడుతుంది, అంటే షికాగో విభాగాలకీ దగ్గరే. మరి ఏం కనపడుతుంది? ఇది నిజంగా తెలియని ప్రశ్న, అడగదగ్గ ప్రశ్న.

నాలుగో పేరు పాల్ ఆయర్, 1998. ఆర్థిక సంవత్సరం చివర అమ్మకాలు ఉబ్బి, కొత్త ఏడాది మొదట్లో పడిపోవడానికి అమ్మేవాళ్ళ ఇన్సెంటివ్ లెక్కలతో సంబంధం ఉందని కంపెనీల అంకెలతోనే చూపించాడు. ఒక్క ఫారం కూడా పంచలేదు. అకౌంట్స్ జాడ అని నేనంటున్నది ఇదే.

వెతకడానికి గూగుల్ స్కాలర్ చాలు. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయితే వాటిని నమూనాగా చూడండి, ముక్కలు ఎత్తుకోకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలలు దాటని గడువులో తిరగరాసి ఇవ్వాలి, ఆ పైన ఇంకా గట్టి శిక్షలున్నాయి.

మూడో పని: హెచ్ఆర్ గదిలోకి కాదు, అకౌంట్స్ గదిలోకి వెళ్ళండి

పర్మిషన్ లెటర్ హెచ్ఆర్‌కే ఇవ్వాలి, అది పద్ధతి. కానీ మీకు పనికొచ్చే మనిషి అకౌంటెంట్. కాలేజీ లెటర్‌హెడ్ మీద మీకు కావలసినవి విడివిడిగా రాసి అడగండి: గత ఆరు నెలల సేల్స్ బిల్లుల తేదీ, మొత్తం, సేల్స్‌మన్ కోడ్; అలాగే క్రెడిట్ నోట్ల (సరుకు వెనక్కి వచ్చినప్పుడు రాసే కాగితాల) తేదీ, మొత్తం, కోడ్. షాపుల పేర్లు, ఫోన్ నంబర్లు, రేట్లు మాకొద్దని ఆ లెటర్‌లోనే రాయండి. వద్దన్నవి రాస్తేనే ఎదుటివాళ్ళకి భయం తగ్గుతుంది. టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీ అయితే ఈ రిజిస్టర్లు ఎక్సెల్‌లోకి దించి ఇవ్వడం ఆయనకి పెద్ద పని కాదు. అయితే జీఎస్టీ రిటర్నుల తేదీలు దగ్గర పడ్డప్పుడు మాత్రం వెళ్ళకండి, ఎంత మంచివాడైనా కసురుకుంటాడు.

నాలుగో పని: ప్రశ్నలు తెలుగులో, మాట్లాడే తెలుగులో

ఎక్కువ ప్రాజెక్టులు చెడేది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఇంటర్నెట్‌లో దొరికిన ఇంగ్లీషు ప్రశ్నావళిని డిక్షనరీ పక్కన పెట్టుకుని తెలుగు చేస్తే, "నా సంస్థ పట్ల నాకు భావోద్వేగపరమైన అనుబంధం కలదు" లాంటి వాక్యాలు పుడతాయి. లైన్ తిరిగొచ్చి చెమటలు తుడుచుకుంటున్న మనిషి అది చదివి, మధ్యలో ఉన్న గడిలో టిక్కు పెట్టి ఇచ్చేస్తాడు. అదే మాట "ఇంకోచోట వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామంటే ఈ కంపెనీ వదిలేస్తాను" అని పెడితే ఆలోచిస్తాడు.

ఒత్తిడి గురించి అడగాలంటే ఇలాంటివి రాయండి. "25వ తేదీ దాటాక రాత్రి నిద్ర సరిగా పట్టదు." "టార్గెట్ తగ్గితే అందరి ముందూ మాట పడాల్సి వస్తుంది." "నా లైన్‌కి ఇచ్చిన టార్గెట్ నా లైన్‌లో అమ్ముడయ్యేదానికి తగ్గట్టే ఉంది." మూడోది తిరగేసి అడిగిన ప్రశ్న, మార్కులు తిరగేసి వేసుకోవాలి. తిరగేయమన్నాను కదా అని "నాకు ఒత్తిడి లేదని అనుకోను" లాంటి రెండు కాదులు మాత్రం పెట్టకండి. దానికి "ఔను" అంటే ఒత్తిడి ఉన్నట్టో లేనట్టో రాసిన మీకే గుర్తుండదు.

ఒక ప్రశ్నలో రెండు సంగతులు వద్దు. "జీతం, మేనేజర్ ప్రవర్తన బాగున్నాయి" అంటే జీతం బాగుండి మేనేజర్ బాగోని వాడు ఎక్కడ టిక్కు పెట్టాలి?

జవాబుకి ఐదు గడులు చాలు. రెన్సిస్ లైకర్ట్ 1932లో తెచ్చిన పద్ధతి ఇది, మన దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. "ఏకీభవిస్తున్నాను" బదులు "అవును, పూర్తిగా", "కొంతవరకు", "చెప్పలేను", "అంతగా కాదు", "అసలు కాదు" అని పెడితే మావాళ్ళు తొందరగా నింపారు. మొత్తం ప్రశ్నలు పదిహేను దాటకూడదు. నలభై ప్రశ్నల ఫారం ఇచ్చి చూడండి, ఇరవై తర్వాత టిక్కులన్నీ నిచ్చెన మెట్లలా ఒకే వరసలో దిగుతాయి.

ప్రసిద్ధమైన ఇంగ్లీషు స్కేల్ వాడి తీరాల్సిందే అని గైడ్ పట్టుబడితే, 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ చెప్పిన దారి ఉంది. ఒకరు తెలుగు చేస్తారు, అసలు చూడని ఇంకొకరు ఆ తెలుగుని తిరిగి ఇంగ్లీషు చేస్తారు, రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వచ్చిన ప్రశ్నని మళ్ళీ రాస్తారు. స్నేహితులిద్దరికి బిర్యానీ పెట్టిస్తే ఒక సాయంత్రంలో అయిపోయే పని ఇది.

ఫారం అచ్చు వేసేముందు పదిమందితో నోటితో నింపించండి. కంపెనీ బయట టీకొట్టు దగ్గర కూర్చుని ప్రశ్న చదివి, "దీనికి మీకేం అర్థమైందన్నా?" అని అడగండి. జవాబు అక్కర్లేదు, అర్థం కావాలి. "మా దగ్గర మీటింగుల్లో మాట్లాడే స్వేచ్ఛ ఉంది" అనే ప్రశ్నకి ఒకాయన, "మీటింగ్‌లో ఫోన్ మాట్లాడనిస్తారా అనే కదా?" అన్నాడు నాతో.

ఐదో పని: పేరు లేకపోవడం వేరు, పేరు బయటపెట్టకపోవడం వేరు

నేను చదువుకునే రోజుల్లో చేసిన తప్పు చెబుతాను. ఒక కంపెనీలో ఫారాలు పంచే పని సులువవుతుందని అక్కడి ఆఫీసువాళ్ళకే అప్పగించాను. సూపర్వైజరే పంచాడు, సూపర్వైజరే పోగుచేశాడు. వందకి వందా వచ్చాయి, అన్నీ నాలుగులూ ఐదులే. ఇంత సుఖంగా ఉన్న కంపెనీలో చేరిపోదామా అనిపించింది! తర్వాత ఒక కుర్రాడు బస్టాపులో చెప్పాడు, ఫారం ఇచ్చేముందు ఆయన ఒక్కొక్కటీ చదువుకున్నాడని.

కాబట్టి పంచేదీ మీరే, తీసుకునేదీ మీరే. అతికించిన కవర్లో.

ఇంకో చిక్కుంది. ఫారంలో ఒత్తిడినీ బిల్లుల్లో నెలాఖరు పోగునీ కలపాలంటే ఏ ఫారం ఎవరిదో మీకు తెలియాలి. అప్పుడు "పేరు అక్కర్లేదండీ, ఎవరికీ తెలియదు" అని చెప్పడం అబద్ధం. నిజం చెప్పండి: "ఈ కవర్ మీద నంబరుంది. ఆ నంబరు ఎవరిదో నాకు తెలుస్తుంది, మీ కంపెనీలో ఎవరికీ తెలియదు. మీ అమ్మకాల లెక్కతో కలిపి చూస్తాను. రిపోర్టులో మీ సంగతి విడిగా రాదు. ఇష్టం లేకపోతే నింపకండి." ఈ మాటలు ఫారం పైన రాసి సంతకం తీసుకోండి. కొందరు తప్పుకుంటారు, తప్పుకోనివ్వండి. ఎంతమంది తప్పుకున్నారో రాసుకోండి, అది కూడా రిపోర్టులోకి వెళ్ళే సమాచారమే.

పేర్లూ నంబర్లూ ఉన్న కాగితం ఒక్కటే ఉండాలి, మీ ఇంట్లో ఉండాలి. గూగుల్ డ్రైవ్‌లో కాదు, ప్రాజెక్టు మేట్ వాట్సాప్‌లో అసలే కాదు.

ఆరో పని: ఎంతమంది, ఎప్పుడు

శాంపిల్ ఎంత అని అడిగితే అందరూ యమానే సూత్రం రాస్తారు. మొత్తం మందిని, ఒకటికి మొత్తం మంది ఇంటూ తప్పు శాతం వర్గం కలిపి, దాంతో భాగించడం. 240 మంది సేల్స్‌మన్లున్నారు, 5 శాతం తప్పు ఓర్చుకుంటామంటే 240 ని 1.6 తో భాగించాలి, 150 వస్తుంది. క్రెజ్సీ, మోర్గన్ 1970 పట్టికలో చూస్తే 148. బాగానే ఉంది. కానీ ఈ లెక్క "ఎంత శాతం మంది ఇలా ఉన్నారు" అనే ప్రశ్నకి పుట్టింది. మన ప్రశ్న రెండు సంగతుల మధ్య సంబంధం గురించి. ఓ మాదిరి సంబంధం, అంటే 0.3 కోరిలేషన్ (రెండు సంగతులు ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె, సున్నా అంటే సంబంధం లేనట్టు), నిజంగా ఉంటే దాన్ని పదిలో ఎనిమిదిసార్లు పట్టుకోవాలంటే సుమారు 85 మంది చాలు. వైవాలో ఈ తేడా చెప్పినవాళ్ళని ఎగ్జామినర్ ఇంకో రెండు ప్రశ్నలు తక్కువ అడుగుతాడని నా అనుభవం.

పంచే రోజు నెల మధ్యలో పెట్టుకోండి. నెలాఖరు వారం వద్దు, కోపంలో నింపుతారు. ఇంక్రిమెంట్లు వచ్చిన వారం వద్దు, సంతోషంలో నింపుతారు. దసరా ముందు బోనస్ 8.33 శాతమా, ఇంకా ఎక్కువా అని గుసగుసలు నడిచే రోజులు అసలొద్దు.

ఏడో పని: ఎక్సెల్‌లో కూర్చోండి

ముందు బిల్లులు. నెలకి 26 పనిదినాలుంటే, అమ్మకాలు సమానంగా పడితే చివరి ఐదు రోజుల వాటా 19 శాతం ఉండాలి. పివట్ టేబుల్ వేసి ఒక్కో సేల్స్‌మన్‌కి ఆ వాటా ఎంతో తీయండి. ఒకరికి 22, ఒకరికి 48 అలా వస్తుంది.

ఆగండి, 48 వచ్చినవాడు సరుకు నెట్టేశాడని అప్పుడే రాసేయకండి. జీతాలు ఒకటో తేదీన పడే ఊళ్ళో కుటుంబాలు నెలసరుకు మొదటి వారంలో కొంటాయి. దానికోసం కిరాణా షాపువాళ్ళు 28, 29 తేదీల్లో సరుకు నింపుకుంటారు. అది నిజమైన గిరాకీ. మరి రెంటినీ విడదీసేదెలా? క్రెడిట్ నోట్లు చూడండి. నిజంగా కావలసి కొన్న సరుకు వెనక్కి రాదు. నెలాఖరులో దించి, వచ్చే నెల పదో తేదీలోపు తిరిగొచ్చిన మొత్తం ఎంతో ప్రతి సేల్స్‌మన్‌కీ తీయండి. నెలాఖరు వాటా, వాపసు వాటా రెండూ ఎక్కువున్న చోటే మీ అనుమానానికి బలం. పండగ నెల ఉంటే దాన్ని విడిగా చూడండి.

తర్వాత ఫారాలు. ఒత్తిడి ప్రశ్నలన్నీ ఒకే సంగతిని కొలుస్తున్నాయో లేదో చూడటానికి క్రాన్‌బాక్ ఆల్ఫా వేస్తారు, 0.7 దాటితే సరే అనుకోవడం ఆనవాయితీ. 0.95 దాటితే ఎగిరి గంతేయకండి, ఒకే ప్రశ్నని పదిసార్లు తిప్పి అడిగినట్టు. దీనికి ఎస్‌పీఎస్‌ఎస్ లాంటి స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, జామోవి, జాస్ప్ ఉచితంగా దొరుకుతాయి.

చివరికి ఒత్తిడి మార్కునీ వాపసు వాటానీ పక్కపక్క వరసల్లో పెట్టి, ముందు చుక్కల బొమ్మ గీయండి. అంకె కంటే ముందు బొమ్మ! ఒక్క మనిషి మూలన కూర్చుని మొత్తం గీతని లాగేస్తుంటే అప్పుడే తెలుస్తుంది. 80 మందికి 0.22 దాటిన కోరిలేషన్ లెక్కప్రకారం గుర్తించదగ్గదే. అయితే 0.3 వచ్చినా దాని వర్గం 0.09, అంటే తేడాల్లో 9 శాతమే ఒత్తిడితో ముడిపడి ఉంది. మిగతా 91కి మీ దగ్గర జవాబు లేదని రాయడానికి మొహమాటపడకండి. ఒత్తిడి వల్లే సరుకు నెట్టారని కూడా రాయొద్దు. సరుకు నెట్టి ఇరుక్కున్నాక ఒత్తిడి పెరిగి ఉండొచ్చు కదా.

రెండు సంగతులూ ఒకే ఫారంలో అడిగి ఉంటే ఇంకా పెద్ద సంబంధమే వచ్చేది. కానీ అందులో కొంత ఆ రోజు ఆ మనిషి మూడ్ వల్ల వచ్చిందే అయ్యేది. మనం ఒకటి నోటినుంచి, ఒకటి పుస్తకంనుంచి తీశాం కాబట్టి వచ్చినంత చిన్నదైనా గట్టిది.

ఎనిమిదో పని: రాయడం

కంపెనీ చరిత్రకి ఒక్క పేజీ. ఛైర్మన్ గారి ఫోటో అక్కర్లేదు. ఫ్యాక్టరీలో వెలుతురు మార్చి పనివాళ్ళ ఉత్పత్తి చూసిన హాథార్న్ ప్రయోగాల గురించి రాయాలనిపిస్తే, "దీపం పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగింది" అని పాఠ్యపుస్తకంలో ఉన్నది ఎత్తి రాయకండి. లెవిట్, లిస్ట్ 2011లో ఆ పాత అంకెలు వెతికి పట్టుకుని మళ్ళీ లెక్కేస్తే, కథ చెప్పినంత స్పష్టంగా అక్కడ ఏమీ కనపడలేదు.

సంబంధం ఏమీ కనపడకపోతే కనపడలేదనే రాయండి. ఆట్లీ పేరు ఇవాళ్టికీ తలుచుకుంటున్నది అందుకే. సూచనల అధ్యాయంలో "యాజమాన్యం జీతాలు పెంచవలెను" అని రాసే అలవాటు మానేయండి. మీరు జీతాలు కొలవలేదు. మీరు చూసింది టార్గెట్, తేదీలు. కాబట్టి "ఇన్సెంటివ్ లెక్కలో పదో తేదీలోపు వచ్చిన వాపసుల్ని తీసేసి చూడండి" లాంటి ఒక్క సూచన చాలు, అకౌంటెంట్ ఆ రోజే చేసి చూడగలడు.

కంపెనీకి ఇచ్చే కాపీలో ఐదుగురికంటే తక్కువ మంది ఉన్న ఏ గుంపు లెక్కా విడిగా చూపించకండి. "ఫలానా డిపోలో ముగ్గురు" అని రాస్తే ఆ ముగ్గురెవరో డిపోలో అందరికీ తెలుసు. మేనేజరు నవ్వుతూ, "ఎవరో నాకొక్కడికే చెప్పవా బాబూ" అని అడుగుతాడు. కచ్చితంగా అడుగుతాడు. "కాలేజీ ఒప్పుకోదు సార్" అని నెపం మామీద వేసేయండి. వైవా అయ్యి మార్కులు వచ్చిన రోజు పేర్లున్న ఆ ఒక్క కాగితాన్నీ చించేయండి.